రోడ్డు లేని చోట క్యాబిన్: సామాను చిన్న విమానంలో మోయించినవాళ్ళు ఉన్నారా?

ప్రశ్న:
నమస్తే అండీ. మేం అలాస్కాలోని ఆంకరేజ్‌లో ఉంటాం. సుసిట్నా నది అవతల ఒక సరస్సు ఒడ్డున స్థలం కొన్నాం, రోడ్డు లేదు. 16x20 అడుగుల క్యాబిన్ కట్టాలని మా ఆయన పట్టు, సామాను మొత్తం ఇక్కడి లేక్ హుడ్ సరస్సు నుంచి ఫ్లోట్ ప్లేన్‌లో (చక్రాల బదులు ఫ్లోట్లతో నీళ్ళ మీద దిగే విమానం) వేయిద్దాం అంటున్నారు. సెస్నా 206లో ఎంత పడుతుంది, ప్లైవుడ్ ఎలా తీసుకెళ్తారు? సిమెంటే 30 బస్తాలని లెక్కేశాం, కళ్ళు తిరుగుతున్నాయి.

జవాబు 1:
30 బస్తాలా అమ్మా! ఇక్కడ బస్తా 94 పౌండ్లు, అంటే 2,820 పౌండ్లు. 206 కంటే పెద్దదైన బీవర్ విమానమే పైలట్, ఫ్యూయల్ అన్నీ కలిపి సుమారు 2,000 పౌండ్లు మోస్తుంది, ఇక 206లో సిమెంటుకే మూడు నాలుగు ట్రిప్పులు పోతాయి. సిమెంట్ మానేసి కర్ర స్తంభాల మీద లేపండి, చాలామంది చేసేది అదే. నేల కింద మంచు ఉన్న చోటైతే ఇంటి వేడికి అది కరిగి ఇల్లు కుంగుతుంది కూడా, కాబట్టి కింద గాలి ఆడాలి.

జవాబు 2:
ప్లైవుడ్ 4 అడుగుల వెడల్పు కదా, 206 లోపల అడ్డంగా పట్టదు. ముందే నిలువునా రెండుగా కోయించాం మేము. బయట ఫ్లోట్ల పక్కన కట్టి తీసుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు గానీ దానికి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) అనుమతి ఉండాలి, ఆ ట్రిప్పులో ప్యాసింజర్లని ఎక్కించరు, మీ ఆయన్ని వేరే ట్రిప్పులో పంపాల్సిందే. ఇంకోటి, ఇన్సులేషన్ బరువుండదు, విమానం మాత్రం నిండిపోతుంది. మాకు మొదటి ట్రిప్పు మొత్తం దానికే పోయింది, మోయగల బరువులో సగం కూడా లేకుండానే పూర్తి ట్రిప్పు డబ్బులు కట్టాం 😅 దాంతోపాటు మేకుల డబ్బాలు కలిపి వేయండి, పైలట్ చెప్పిన చోటే.

జవాబు 3:
అన్నీ ఎగరేయడం ఎందుకండీ? మార్చిలో మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది, పగలు పొడుగ్గా ఉంటుంది, దారి ఉంటే స్నోమొబైల్‌కి స్లెడ్ కట్టి కలప, స్టవ్ లాగించెయ్యండి. ఒడ్డు మీదకి చేర్చి టార్పాలిన్ కప్పండి, ఐస్ మీద వదిలేస్తే కరిగాక చెరువుపాలే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. సిమెంట్ క్యాన్సిల్. స్నోమొబైల్ మాట ఇంకా మా ఆయనకి చెప్పలేదు, విమానం సరదా పోతుందని భయం.