గోల్ఫ్ కొత్తగా మొదలుపెట్టేవారు ముందు కోచ్ దగ్గరికి వెళ్ళాలా, ఇంట్లో సాధన చేయాలా?

తిరుపతి ఉద్యోగి: నలభై దాటాక గోల్ఫ్ మీద మనసు పోయింది. క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) పూర్తి సెట్టు కొని చెన్నైలో కోచ్ దగ్గర చేరమని ఒక సహోద్యోగి అంటున్నారు. వీడియోలు చూసి ఇంట్లోనే నేర్చుకోవచ్చని మరొకరి మాట. మీరేమంటారు?

చిత్తూరు మాస్టారు: ముందు కోచ్, తర్వాతే మిగతావన్నీ. క్లబ్బు పట్టుకునే తీరు మొదట్లో తప్పితే తర్వాత మార్చుకోవడం మహా కష్టం. కొత్తవారు బంతిని గాల్లోకి లేపాలని మణికట్టుతో ఎగదోస్తారు. దెబ్బ బంతి పైభాగానికి తగిలి అది నేలబారుగా పోతుంది. నిజానికి బంతిని లేపే పని క్లబ్బు ముఖానికున్న వాలుదే. మన ఒంటి కదలిక మనకు కనిపించదు కాబట్టి చూసి చెప్పే మనిషి ఉండి తీరాలి.

భవానీనగర్ గృహిణి: మాస్టారూ, ఆ మాట పూర్తి స్వింగ్‌కు, అంటే క్లబ్బును వెనక్కి తిప్పి బలంగా కొట్టే దెబ్బకు వర్తిస్తుంది. గుంత దగ్గర బంతిని మెల్లగా దొర్లించే పటింగ్ సంగతి ఏమిటి? పార్ 72 కోర్సులో, అంటే 18 గుంతలను 72 దెబ్బల్లో ముగించాలని లెక్కగట్టిన మైదానంలో, ఒక్కో గుంతకు రెండు చొప్పున 36 దెబ్బలు పటింగ్‌కే లెక్కగట్టారు. అంటే సగం ఆట బంతిని నేలమీద దొర్లించడమే! గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు. గచ్చు మీద పలచని తివాచీ పరిచి, అంత వెడల్పున గుర్తు పెట్టుకుని రోజూ సాధన చేయవచ్చు. టోక్యో ఒలింపిక్స్‌లో మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. దూరం కొట్టడంలో ఆమె చాలామంది కన్నా వెనుకే. అంతదాకా తీసుకెళ్ళింది ఆమె పటింగే.

ఇక పూర్తి సెట్టు మాట. సంచిలో 14 క్లబ్బులకు మించకూడదన్నది నియమం, 14 ఉండాలని కాదు. పటింగ్‌కు ఒక పటర్, మధ్య దూరాలకు ఒక సెవెన్ ఐరన్, దగ్గరి నుంచి బంతిని ఎత్తుగా లేపడానికి ఒక వెడ్జ్ చాలు, అవీ వాడినవే దొరికితే ఇంకా మంచిది. చెన్నైకి వారం వారం రానుపోను ఖర్చులు, పోయే సెలవు రోజు చూసి ఎంతమంది ఈ ఆట వైపే రాకుండా ఆగిపోతున్నారో! నాకు బాధ కలిగేది అందుకే.

యూనివర్సిటీ నడక మిత్రుడు: ఒక్క విన్నపం. సాధన పేరుతో విశ్వవిద్యాలయ మైదానంలో నిజమైన గోల్ఫ్ బంతి కొట్టకండి. సుమారు 46 గ్రాముల గట్టి బంతి అది. తెల్లవారితే అక్కడ పిల్లలు, వృద్ధులు ఉంటారు. చిల్లులున్న ప్లాస్టిక్ సాధన బంతులు దొరుకుతాయి, అవి దూరం పోవు.

చిత్తూరు మాస్టారు: పటింగ్ విషయంలో అమ్మగారి మాట ఒప్పుకుంటాను. స్వింగ్ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఫోనులో పక్కనుంచి తీసిన వీడియో తప్పును చూపిస్తుంది, దాని కారణం చెప్పదు. వారం వారం అక్కర్లేదు. ఒకసారి వెళ్ళి పట్టు, నిలబడే తీరు నేర్చుకోండి. నెలపాటు ఇంటి దగ్గర సాధన చేసి మళ్ళీ చూపించుకోండి. క్లబ్బులు అక్కడే అద్దెకు అడగండి, ఏ పొడవు నప్పుతుందో తెలియకుండా కొనడమెందుకు?

తిరుపతి ఉద్యోగి: అయితే ఈ నెల పటర్ ఒక్కటే కొంటాను. నాది ఎడమచేతివాటం. అద్దెకు ఆ క్లబ్బులు దొరుకుతాయా?

చిత్తూరు మాస్టారు: అన్ని చోట్లా ఉండవు. బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోండి.