గాల్ బ్లాడర్ క్యాన్సర్: మొదటి కీమోతో పాటే హెర్2 పరీక్ష అడగాలా?

గోదారిగట్టు:
మా పెద్దమ్మకి గాల్ బ్లాడర్ క్యాన్సర్, లివర్‌కి పాకింది. సోమవారం నుంచి జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ మొదలు. హెర్2 (కొన్ని క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ప్రోటీన్) పరీక్ష గురించి అడిగితే "ముందు కీమో కానివ్వండి, తర్వాత చూద్దాం" అన్నారు. తమ్ముడేమో ఎపిజెనెటిక్ మందులు వచ్చాయట, కనుక్కో అంటున్నాడు. దేనికోసం పట్టుబట్టాలి?

కొండగాలి:
డాక్టరు మాటే వినండి. హెర్2 పాజిటివ్ వచ్చేది నూటికి పది, ఇరవై మందికే. వచ్చినా మొదట ఇచ్చేది కీమోనే. మా నాన్నకి చేయించాం, నెగెటివ్. పది రోజుల టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు.

స్లైడుపెట్టె:
కొండగాలి గారూ, మీ బాధ తెలుస్తోంది, కానీ ఒప్పుకోలేను. నేను పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. బయాప్సీ ముక్క మైనం బ్లాకులో భద్రంగా ఉంటుంది. అది సరిపడా ఉంటే మళ్లీ సూది గుచ్చక్కర్లేదు. పల్చటి పొర కోసి రంగు వేస్తాం. గట్టి పాజిటివ్ అయితే కణాల అంచుల వెంట ముదురు గోధుమ గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అదే 3+. 2+ వస్తే తేల్చుకోవడానికి ఫిష్ పరీక్ష (హెర్2 జన్యువు కాపీల్ని లెక్కపెట్టేది) కూడా కావాలి. ఇదంతా కీమో నడుస్తుండగానే అయిపోతుంది. జబ్బు తిరగబెట్టి కామెర్లు ముదిరాక రిపోర్టు కోసం కూర్చునే వ్యవధి ఉండదు.

2024 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ హెర్2ని పట్టుకునే మందు జానిడాటమాబ్‌ని అనుమతించింది. అప్పటికే మందులు వాడిన, 3+ ఉన్న పిత్తనాళ, గాల్ బ్లాడర్ క్యాన్సర్లకి. ట్రయల్‌లో అలాంటి 62 మందిలో 52 శాతం మందికి గడ్డలు చెప్పుకోదగ్గంత తగ్గాయి. అది అందకపోతే ఇంకో హెర్2 మందు ట్రాస్టుజుమాబ్ గురించైనా అడగొచ్చు, దాని బయోసిమిలర్లు (దాదాపు అలాగే పనిచేసేలా వేరే కంపెనీలు చేసే మందులు) మన దేశంలోనే తయారవుతున్నాయి.

ఇక ఎపిజెనెటిక్స్. ఈ క్యాన్సర్‌లో పీ16 లాంటి కాపలా జన్యువుల మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడి వాటి నోరు నొక్కేస్తాయి. జన్యువు చెడకుండానే మూగబోతుంది, గుర్తులు చెరిపితే మళ్లీ పలుకుతుందని అందరికీ అంత ఆశ. కానీ అజాసిటిడిన్ అనే ఎపిజెనెటిక్ మందు ఆ గుర్తుల్ని పీ16 మీదే చెరపదు, డీఎన్‌ఏ అంతటా చెరిపేస్తుంది. దాన్ని 2004లో అనుమతించింది ఎముక మజ్జ జబ్బు ఎండీఎస్‌కి, గాల్ బ్లాడర్‌కి కాదు. మీ తమ్ముడికి ఈ తేడా చెప్పండి.

కొండగాలి:
కీమో ఆగదంటే నాకు అభ్యంతరం లేదు. కానీ నెగెటివ్ వచ్చే అవకాశమే ఎక్కువని పెద్దమ్మగారికి ముందే చెప్పండి. మాకెవరూ చెప్పలేదు.

గోదారిగట్టు:
చెప్తానండీ. బ్లాకు బయాప్సీ చేసిన ల్యాబ్‌లోనే ఉంది. రేపు పొద్దున్నే తమ్ముణ్ని పంపిస్తున్నాను.