డిశ్చార్జి కాగితంలో "? ఎఫ్20" అని ఉంది, జబ్బు ఖాయమైనట్టేనా?

ప్రశ్న:
మా తమ్ముడికి ఇరవై ఏళ్లు. మూడు వారాలుగా నిద్రపోడు, ఎవరో వెంటాడుతున్నారంటాడు. డిశ్చార్జి సమ్మరీలో "? ఎఫ్20" అని కోడ్ రాసి ఒలాంజపిన్ మాత్రలు ఇచ్చారు. ఆ కోడ్‌ని నెట్‌లో చూస్తే స్కిజోఫ్రెనియా (భ్రమలు, లేని అనుమానాలు కలిగించే మానసిక జబ్బు) అని ఉంది. కాలేజీలో ఈ కాగితమే ఇవ్వాలా?

జవాబు 1:
ముందున్న ప్రశ్న గుర్తును వదిలేసి చదవకండి. అనుమానం ఉంది, ఇంకా తేలలేదని దానర్థం. ఈ కోడ్‌లు ఐసీడీ-10 అనే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోవి. దాని ప్రకారం స్కిజోఫ్రెనియా అనాలంటే లక్షణాలు కనీసం నెలపాటు ఉండాలి. అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం డీఎస్ఎం-5 ఆరు నెలలు చూడమంటుంది. రెండు వారాల్లోపే హఠాత్తుగా ముదిరితే ఎఫ్23, అంటే కొద్దికాలమే ఉండే తీవ్రమైన సైకోసిస్ (భ్రమల స్థితి) కావచ్చు, అందులో చాలామంది రెండు మూడు నెలల్లో పూర్తిగా కోలుకుంటారు. గంజాయి, స్టెరాయిడ్లు, థైరాయిడ్ తేడాలతోనూ ఇలా అవుతుంది. గంజాయి సంగతి ఇంట్లోవాళ్ల ముందు కుర్రాళ్లు చెప్పరు, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. మందు పేరు చూసి జబ్బు తేల్చుకోవద్దు. ఒలాంజపిన్ బైపోలార్ అనే మూడ్ జబ్బులో మేనియాకీ (అతి హుషారు దశకీ) ఇస్తారు.

జవాబు 2:
కాలేజీకి సమ్మరీ ఇవ్వకండి. జిరాక్సు ఆఫీసు ఫైల్లోకి వెళ్లాక ప్రశ్న గుర్తు ఎవరికీ కనబడదు, జబ్బు పేరొక్కటే మిగులుతుంది. "చికిత్సలో ఉన్నారు, ఫలానా తేదీ నుంచి క్లాసులకు రావచ్చు" అని విడిగా సర్టిఫికెట్ అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో సెక్షన్ 23 గోప్యత హక్కునిస్తుంది, సెక్షన్ 25 రికార్డులు అడిగే హక్కునిస్తుంది. ఒకప్పుడు చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడూ జబ్బుందని తేల్చకూడదని సెక్షన్ 3 చెబుతుంది. ఇన్సూరెన్సు ఫారంలో మాత్రం దాచకండి, క్లెయిము తిరస్కరిస్తారు.

జవాబు 3:
పై మాటలన్నీ సరే. కానీ "తేలలేదట" అనగానే మాత్రలు ఆపేసే కుటుంబాలే ఎక్కువ, అక్కడే తిరగబెడుతుంది. పేరు ఏదైనా మందు డాక్టరు చెప్పేదాకా వాడాలి. మత్తుగా ఉందనో బరువు పెరిగాననో మానేస్తే ఆ కారణమే ఓపీ చీటీలో రాయించండి. లేకపోతే ఫైల్లో "నాన్ కంప్లయంట్" (చెప్పినట్టు మందు వాడడు) అని పడుతుంది, తర్వాత చూసే డాక్టరు మొండివాడనుకుంటారు. బరువు, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ ఇప్పుడే చూపించి మూడో నెలలో మళ్లీ చూపించండి. రోజూ తమ్ముడు నిద్రపోయిన గంటలు, అతను మాట్లాడిన మాటలు ఉన్నవున్నట్టు తేదీతో రాసిపెట్టండి. "పిచ్చిగా చేశాడు" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. అర్ధరాత్రి అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.