చామనఛాయకు ఏ లేజర్ మేలు?

ప్రశ్న: గడ్డం కింద ముతక వెంట్రుకలు. ఒళ్లు చామనఛాయ. లేజర్ చేయిస్తే మచ్చలు పడతాయా? త్రెడింగ్ ఎప్పుడు మానాలండీ?

జవాబు 1: లేజర్ వేడి పట్టేది మెలనిన్‌కి, అంటే వెంట్రుకకు, చర్మానికి రంగునిచ్చే పదార్థానికి. అది మన చర్మంలోనూ ఎక్కువే, అందుకే 755 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అలెగ్జాండ్రైట్ లేజర్ వద్దు, కాలి నల్లమచ్చ పడొచ్చు. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ భద్రం. 810 డయోడ్ కూడా సరే, కూలింగ్ బాగుంటే. ముందు టెస్ట్ ప్యాచ్, అంటే కాస్త చోట మాత్రమే, వేసి చూడమనండి.

జవాబు 2: త్రెడింగ్, వ్యాక్సింగ్ 4 వారాల ముందే ఆపేయండి. కుదురుతో ఊడొచ్చాక లేజర్‌కి దొరికేదేముంది? ముందురోజు రేజర్ పెట్టొచ్చు. ముఖానికి 4-6 వారాలకోసారి, 6-8 సిట్టింగులు. తెల్లవెంట్రుకలకైతే డబ్బు దండగ.

జవాబు 3: నెలసరి తప్పుతుంటే ముందు పీసీఓఎస్ (హార్మోన్లు అదుపు తప్పే సమస్య) ఉందేమో చూపించుకోండి, లేదంటే కొత్తవి మొలుస్తూనే ఉంటాయి. దవడ దగ్గర నూగు మీద లేజర్ కొడితే అది ముతకబారడమూ ఉంది.