‘సిరికిం జెప్పఁడు’ పద్యానికీ, పటంలోని విష్ణువుకూ ఎందుకు కుదరదు?

ప్రశ్న: పోతన గరుత్మంతుణ్ణి కూడా సిద్ధం చేయలేదంటాడు. గజేంద్రమోక్షం పటాల్లోనేమో స్వామి గరుడుడి మీద, చక్రం పట్టుకుని ఉంటాడు. చిత్రకారులు తప్పు గీస్తున్నారా అండీ?

జవాబు: తప్పేమీ లేదండీ. ముందు పద్యం చూద్దాం.

సిరికిం జెప్పఁడు శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁ డే
పరివారంబునుఁ జీరఁ డభ్రగపతిం బన్నింపఁ డాకర్ణికాం
తర ధమ్మిల్లముఁ జక్క నొత్తఁడు వివాదప్రోత్థితశ్రీకుచో
పరిచేలాంచలమైన వీడఁడు గజప్రాణావనోత్సాహియై

‘అభ్రగపతి’ అంటే ఆకాశంలో తిరిగేవాళ్లకు రాజు, గరుడుడు. ‘పన్నించడం’ అంటే వాహనాన్ని ప్రయాణానికి సిద్ధం చేయించడం. వల పన్నడం, వ్యూహం పన్నడం అని ఇప్పటికీ అంటున్నాం కదా, ఆ పన్నడమే.

చెప్పడు, సంధింపడు (శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు), చీరడు (పిలవడు), పన్నింపడు, చక్కనొత్తడు (సరిచేసుకోడు), వీడడు. నాలుగు పాదాల్లో ఆరు వ్యతిరేక క్రియలు! స్వామి ఏమేం చేయలేదో చెప్పి, ఆ తొందరంతా మన కళ్లకు కట్టించాడు పోతన. పిలవకపోవడాన్ని, చెప్పకపోవడాన్ని కుంచెతో ఎలా గీస్తారు? నాకు ఈ పద్యం అంటే ప్రాణం అందుకే.

పైగా పటానికి వేరే ఆధారం ఉంది. సంస్కృత భాగవతంలో ‘ఛందోమయేన గరుడేన సముహ్యమానః’ అని స్పష్టంగా ఉంది, అంటే గరుడుడు మోసుకొస్తుండగానే వచ్చాడు. ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌గఢ్ దశావతార ఆలయంలో, గుప్తుల కాలం నాటి శిల్పంలోనూ విష్ణువు గరుడుడి మీదే ఉన్నాడు. అక్కడ ఏనుగును పట్టింది మొసలి కాదు, నాగుడు. ఏనుగు కాళ్లకు పాము చుట్లు కనిపిస్తాయి.

ఇంకో వ్యాఖ్య: మరి పోతనలో చక్రం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?

జవాబు: ‘తనవెంటన్ సిరి’ పద్యం చదవండి. లక్ష్మి, ఆమె వెంట అంతఃపుర స్త్రీలు, వాళ్ల వెనక గరుడుడు, పక్కనే శంఖచక్రాలు, అంతా స్వామి వెంట పరుగెత్తుకొచ్చారు. మకరి మీదికి చక్రాన్ని పంపడం ఆ తర్వాతి మాట.

నిజానికి గీయదగ్గవి ‘సిరికిం జెప్పఁడు’ పద్యంలో రెండున్నాయి: చెవుల దాకా జారిన జుట్టుముడి, చేతిలో ఉండిపోయిన లక్ష్మీదేవి పైట కొంగు. నేను చూసిన పటాల్లో మాత్రం కిరీటం చెక్కుచెదరదు, కొంగు జాడే ఉండదు. కలంకారీలో గానీ, పాత గుడి గోడల మీద గానీ జుట్టు చెదిరిన విష్ణువు మీకెక్కడైనా కనిపించి ఉంటే దయచేసి ఫొటో పెట్టండి.