1965 ఎంజీబీ: నెగటివ్ ఎర్త్‌కి మార్చాక ఆర్‌పీఎం ముల్లు నిలవడం లేదు

బండి 1965 ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), 1798 సీసీ ఇంజిన్, మొదట్లో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉండేది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాలని నెగటివ్ ఎర్త్‌కి మార్చాం.

సీట్ల వెనక ఉండే 6 వోల్టుల బ్యాటరీలు రెండూ తిప్పాం. పాజిటివ్ పోస్టు కాస్త లావు కాబట్టి క్లాంపులు కూడా మార్చాల్సి వచ్చింది. ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కి హై వోల్టేజ్ ఇచ్చేది) వైర్లు తారుమారు చేశాం, ఇప్పుడు నెగటివ్ డిస్ట్రిబ్యూటర్ వైపు ఉంది. డైనమోకి కొత్త ప్లస్-మైనస్ దిశ పట్టడానికి దాని ఎఫ్ (ఫీల్డ్) టెర్మినల్ వైరు ఊడదీసి, బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక వైరుతో రెండు మూడు సార్లు అలా తాకించి తీశాం. ఇది మర్చిపోతే రెగ్యులేటర్ పాయింట్లు కాలిపోతాయి. ఛార్జింగ్ బాగానే ఉంది.

చిక్కంతా టాకోమీటర్‌తోనే, అంటే ఆర్‌పీఎం చూపే మీటర్‌తోనే. స్మిత్స్ కంపెనీ ఆర్‌వీఐ రకం (కాయిల్ కరెంటు పల్స్‌లను బట్టి ఆర్‌పీఎం చూపేది), కాయిల్‌కి వెళ్లే తెల్ల వైరు దాని వెనక చుట్టుగా తిరుగుతుంది. లోపల సప్లై, ఎర్త్ వైర్లు తారుమారు చేసి, బయట చుట్టు దిశ కూడా తిప్పాం. డిస్ట్రిబ్యూటర్‌లోని పాత పాయింట్లతో (కాయిల్ కరెంటు తెగ్గొట్టే స్విచ్చు) సరిగ్గానే చూపిస్తోంది. వాటి బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెడితే మాత్రం 3000 దాటగానే ముల్లు ఎగిరెగిరి సున్నాకి పడిపోతోంది. ఇంజిన్ మిస్ అవ్వడం లేదు, అంటే స్పార్క్ బాగుంది. కాయిల్ 3 ఓమ్‌లది.

తెల్ల వైరు ఇంకో చుట్టు వేస్తే సిగ్నల్ సరిపోతుందా? లేక లోపలి సర్క్యూట్టే కొత్తది వేయాలా? రెండోదైతే పాత డయల్, ముల్లు అలాగే ఉంచడం కుదురుతుందా?

ఇంకొకటి. ఎస్‌యూ కంపెనీ పెట్రోల్ పంపులో డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) ఉంటే పొలారిటీ తప్పకూడదు, కెపాసిటర్ అయితే పర్వాలేదు. నల్ల మూత తీయకుండా ఏది ఉందో కనిపెట్టే దారి ఉందా? అంతవరకు పంపు వైరు ఊడదీసే ఉంచాం, కార్బురేటర్లకు బయటి డబ్బా నుంచే పెట్రోల్ ఇస్తున్నాం.