పదకొండు రంగుల గుల్లలు: ఎన్ని జాతులు?

ప్రశ్న:
మొన్న ఆదివారం బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో మా అమ్మాయి పదకొండు చిన్న నత్తగుల్లలు ఏరింది. దాదాపు అన్నీ చొక్కా గుండీల్లా బల్లపరుపుగా, నున్నగా మెరుస్తున్నాయి. అడ్డంగా కొలిస్తే 10 నుంచి 13 మిల్లీమీటర్లు. ఒకటి బూడిద రంగు, ఒకటి గులాబీ, ఒకదాని మీద గోధుమ రంగు మెలికలు, ఇంకోదాని మీద తెల్లని మచ్చలు. బడి ప్రదర్శన కోసం అట్టకు అంటించి పేర్లు రాయాలట. ఇవన్నీ వేరువేరు జాతులేనా?

జవాబు:
రంగును పక్కన పెట్టండి. గుల్లల దగ్గర అందరం మొదట మోసపోయేది అక్కడే. ఒక్కొక్కటీ వెల్లకిలా తిప్పి అడుగు భాగం చూడండి. చుట్లన్నీ తిరిగే ఇరుసు దగ్గర కొన్ని జాతులకు గుంట ఉంటుంది, దాన్ని నాభి అంటారు. మీ వాటికి అక్కడ గుంట ఉందా, లేక మందపాటి బిళ్ల అతికించినట్టు పూడిపోయి ఉందా? తర్వాత పక్క నుంచి చూడండి. అంచు సన్నబడిందా, గోళీలా ఉబ్బిందా? విరిగినది ఉంటే లోపల ముత్యపు మెరుపు ఉందేమో కూడా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
తొమ్మిదింటికి నున్నని బిళ్ల ఉంది, అంచు సన్నం. ఒకటి కాస్త విరిగింది, లోపల ముత్యంలా మెరుస్తోంది. పదోదానికి లోతైన గుంట, దాని గోడ వెంట పూసలు కూర్చిన మెట్లు చుట్టుకుంటూ లోపలికి దిగుతున్నాయి. పదకొండోది గోళీలా గుండ్రంగా ఉంది, నోరు అర్ధచంద్రాకారం.

జవాబు:
ఎంత చక్కగా చూశారండీ! ఆ తొమ్మిదీ ఒకే జాతి, అంబోనియం వెస్టియేరియం. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరులో ‘వెస్టియేరియం’ అంటే లాటిన్‌లో దుస్తులకు సంబంధించినది. మీరు గుండీ అన్నది ఊరికే పోలేదు. మన తూర్పు తీరంలో ఆటుపోట్లు తాకే ఇసుకలో దూరి, నీటిలోని ఆహారాన్ని వడగట్టుకుని బతుకుతుంది. ఒకే గుంపులో ఏ రెండింటి రంగూ కలవకపోవచ్చు, అడుగున ఉన్న బిళ్ల మాత్రం మారదు.

మెట్ల గుంట ఉన్నది ఆర్కిటెక్టోనికా అనే ప్రజాతిది, అంటే దగ్గరి జాతుల గుంపుది. జాతి తేలాలంటే పట్టీలు, పూసల వరసలు చూడాలి కాబట్టి అట్ట మీద ప్రజాతి పేరు వరకే రాయించండి. గోళీలాంటిది చంద్ర నత్తల కుటుంబానిది, నాటిసిడే. నోటి మూత దొరికి ఉంటే అది సున్నపు రాయిలా గట్టిగా ఉందా, గోరులా పలచగా ఉందా అన్నదాన్ని బట్టి ఇంకొంచెం ముందుకు వెళ్లవచ్చు. పేరు కింద ఏరిన చోటు, తేదీ తప్పక రాయించండి. అవి లేని గుల్ల అందంగా ఉంటుందే తప్ప చదువుకు పనికిరాదు. ఇకపై ఏరేటప్పుడు నోటికి మూత బిగిసి ఉంటే లోపల ప్రాణి ఉన్నట్టే, తడి ఇసుకలో వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు:
మూత దొరకలేదండీ. తొమ్మిదింటిలో ఒకదానికి దారం ఎక్కించడానికి చేసినట్టు గుండ్రని రంధ్రం ఉంది. అది పాడైనది కదా, తీసేయమంటారా?

మరొకరి జవాబు:
అయ్యో, తీసేయకండి! నా మటుకు నాకు మీ అట్టలో అన్నిటికన్నా విలువైనది అదే. భూతద్దంతో రంధ్రం అంచు చూడండి. బయట వెడల్పుగా ఉండి లోపలికి గిన్నెలా వాలుగా సన్నబడితే అది చంద్ర నత్త పని. ఆమ్లంలాంటి స్రావంతో గుల్లను మెత్తబరచి, పళ్ల పట్టీతో గీకి, లోపలి నత్తను తినేస్తుంది. మ్యూరెక్స్ కుటుంబపు నత్తలు కూడా ఇలాగే తొలుస్తాయి, కానీ వాటి రంధ్రం గోడలు ఎక్కువగా నిటారుగా ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
చూశామండీ. బయట వెడల్పు, లోపల సన్నం. ఆ గుల్లనూ గోళీలాంటి దాన్నీ అమ్మాయి పక్కపక్కనే అంటించింది.